గోడ లోపలి అడవి

'పార్కు' అన్న మాట వినగానే పూలమడులు, సిమెంటు బల్లలు, సాయంవేళ పిల్లలను ఆడించే తల్లులు మన కళ్ళకు కడతారు. ఆ మాటకు మొదటి అర్థం వేరు. 1066లో నార్మన్ ప్రభువులు ఇంగ్లండును జయించిన తరువాత ఆ దేశపు న్యాయభాషలో పార్కు అంటే కంచె కట్టిన నేల. ఆ కంచె లోపల ఉండేవి జింకలు. 1086లో విలియం రాజు చేయించిన భూముల సర్వే గ్రంథం 'డూమ్స్‌డే బుక్'లో ఇటువంటి పార్కులు మూడు డజన్ల వరకు మాత్రమే కనిపిస్తాయి. మరి రెండు వందల ఏళ్ళు గడిచేసరికి అవి మూడు వేలు దాటి ఉంటాయని చరిత్రకారుల అంచనా. వాటిలో చాలావరకు కాలగర్భంలో కలిసిపోయాయి. కొన్ని పొలాలయ్యాయి, కొన్ని పట్టణాల కిందికి పోయాయి. ఏ కొద్దిగానో మిగిలినవాటిలోనూ, తరువాతి కాలంలో ఆ పద్ధతినే అనుసరించి వెలసినవాటిలోనూ నేటికీ జింకలు మేస్తూనే ఉన్నాయి.

ఈ కంచె నిర్మాణంలో ఒక నేర్పు ఉంది. మన కోటలకు కందకం వెలుపల ఉంటుంది. జింకల పార్కుకు కందకం లోపలివైపు ఉంటుంది. తవ్వి తీసిన మట్టిని వెలుపల కట్టగా పోసి, ఆ కట్టమీద చీల్చిన ఓక్ కర్రలతో దడి కట్టేవారు. కందకం దగ్గర నిలిచిన జింకకు ఆ దడి ఉన్నదానికి రెట్టింపు ఎత్తుగా కనిపిస్తుంది. పైనున్నవాడు రాకుండా కట్టుకున్నది కోట, లోపలున్నది పోకుండా కట్టుకున్నది పార్కు. కొందరు ప్రభువులు దడిలో ఒకచోట ఎత్తు తగ్గించి, 'జింక గెంతు' అనే ఏర్పాటు చేసుకునేవారు. వెలుపలి అడవిలో తిరిగే జింక అక్కడినుండి లోపలికి దూకగలదు గాని, తిరిగి బయటికి దూకలేదు. వెలుపలి జింకలు రాజుగారి సొత్తు కనుక ఈ ఉపాయానికి రాజుగారి ప్రత్యేకానుమతి అవసరమయ్యేది.

జింక మాంసం సాధారణంగా అంగడికి వచ్చేది కాదు. విందుకు పోయేది, కానుకగా పోయేది. ఒక ప్రభువు మరొక ప్రభువుకు పంపించే జింక తొడ మన సంస్థానాలలో కప్పే శాలువ వంటిది. దాని విలువ ధరలో లేదు, ఎవరు ఎవరికి పంపారన్నదానిలో ఉంది. గ్రామస్థులకు మాత్రం నష్టమే మిగిలింది. వారి పశువులు మేసిన బీళ్ళు, వంటచెరకు ఏరుకున్న చిట్టడవులు అనేకచోట్ల దడి లోపలికి పోయాయి. ఈ పార్కులను నింపడానికి నార్మన్లు మధ్యధరా ప్రాంతం నుండి ఫాలో జింకను తెచ్చి పెంచారు. ఒంటిమీద తెల్లని మచ్చలు, చాచిన అరచేయి వలె వెడల్పయిన కొమ్ములు దాని గుర్తులు. ఇంగ్లండు పల్లెసీమకు ప్రతీకగా చిత్రకారులు గీసే ఈ జింక కూడా వలసవచ్చినదే!

మృగాలను ఆవరణలో నిలిపి ఉంచడమన్నది పాశ్చాత్యుల కల్పనే అనుకోనక్కరలేదు. న్యగ్రోధమృగ జాతకకథలో వారణాసి రాజు ప్రతిదినం వేటకు బయలుదేరి ప్రజలను పనులు మాన్పించి వెంట తిప్పుకుంటాడు. విసిగిపోయిన ప్రజలు రాజోద్యానంలో గడ్డి నాటి, నీరు పెట్టి, అడవిలోని జింకల మందలను లోపలికి తోలి తలుపు మూసివేస్తారు. ఇక రాజుగారు తమ ఇంటనే జింకను కొట్టుకోవచ్చు, ప్రజలు తమ సేద్యం తాము చేసుకోవచ్చు. నార్మన్ పార్కుకు ఇంతకంటె చక్కని వర్ణన ఇంగ్లండులో దొరకదేమో. ఆ తరువాత వంతులవారీగా వధ్యశిల చేరవలసిన జింకల కథ, గర్భిణి అయిన లేడి వంతును తన తలపై వేసుకున్న మృగరాజు కథ, చలించిన రాజు సర్వప్రాణులకు అభయమిచ్చిన కథ మన పిల్లలకు కూడా తెలుసు. సారనాథ్‌కు మృగదావమన్న పేరు రావడానికి ఈ గాథనే కారణంగా చెప్పే సంప్రదాయం ఉంది. ఇంగ్లండు పార్కులకు అటువంటి అభయప్రదానపు గాథ లేదు. అక్కడ జింకలు బ్రతికి బట్టకట్టిన తీరు వేరు.

లండనుకు ఉత్తరంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో బెడ్‌ఫర్డ్‌షైర్ ప్రాంతంలో వోబర్న్ మృగవనం ఉంది. విస్తీర్ణం దాదాపు మూడు వేల ఎకరాలు. హైదరాబాదు శివార్లలో ఒకప్పుడు నిజాం వేటభూమిగా ఉండి, 1975లో కృష్ణజింకలకు నెలవుగా ప్రకటితమైన మహావీర్ హరిణ వనస్థలి విస్తీర్ణం దీనికంటె కొంచెం ఎక్కువ. వోబర్న్‌లో 1145లో సిస్టర్షియన్ సన్యాసులు మఠం స్థాపించారు. ఎనిమిదవ హెన్రీ రాజు మఠాలను మూసివేయించిన రోజులలో ఇక్కడి చివరి మఠాధిపతి రాబర్ట్ హాబ్స్‌పై రాజద్రోహం మోపి 1538లో ఉరితీశారు. మఠద్వారం వద్దనున్న ఓక్ చెట్టుకే ఉరి వేశారని స్థానికులు చెప్పుకుంటారు. 1547లో ఆ భూములు రస్సెల్ వంశీయులకు సంక్రమించాయి. వారే తరువాత బెడ్‌ఫర్డ్ డ్యూకులయ్యారు. నేటికీ పార్కు వారిదే. అయినా దాని మధ్యగా ప్రజలకు నడిచిపోయే హక్కు ఉన్న కాలిబాట ఒకటి సాగిపోతుంది. ఆ బాటలో నడిచేవారిని ఎవరూ టిక్కెట్టు అడగరు. యజమాని ఎంతటివాడైనా ఆ దారిని మూసివేయలేడు. భూస్వామ్యం ఇంత గట్టిగా వేళ్ళూనిన దేశంలో కాలినడకకు ఇంత గౌరవం దక్కడం విశేషమే.

ఇటీవలి ఒక జూన్ మాసంలో ఆ బాటన నడిచినవారిలో తెలుగుదేశం నుండి వచ్చిన ఒక వృద్ధుడు ఉన్నారు. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని జన్నారం, కవ్వాల్ అడవులలో రేంజి అధికారిగా పనిచేసి విరమించినవారు. సమీపంలోని మిల్టన్ కీన్స్ పట్టణంలో ఉద్యోగం చేసుకుంటున్న కుమార్తె ఇంటికి మూడు నెలల కోసం వచ్చారు. వెంట పదేళ్ళ మనుమరాలు. ఇంగ్లండులో చూడదగినవెన్నో ఆయనకు అప్పటికే చూపించారు. మ్యూజియములు చూసి తల ఊపిన మనిషి, చర్చిలు చూసి చేతులు జోడించిన మనిషి, ఈ పార్కు సంగతి విన్నప్పుడు మాత్రం తనంతట తాను చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు.

అటవీశాఖలో పనిచేసినవారి చూపు ముందుగా మృగాలమీదికి పోదు, చెట్లమీదికి పోతుంది. ఇక్కడి చెట్లన్నిటికీ కింది అంచు ఒకే ఎత్తున, క్షురకుడు గొరిగినట్లు సమంగా ఉండడం ఆయన గమనించారు. తల ఎత్తి మెడ చాచిన జింక నోటికి అందినంతమేరకు ఆకు మిగలదు. ఆ గీత దిగువన పచ్చిక, ఆ గీత ఎగువన గుబురు. మధ్యలో చూపు ఎంత దూరమైనా సాగిపోతుంది. హంఫ్రీ రెప్టన్ అనే ప్రసిద్ధ ఉద్యానశిల్పి 1804-05 ప్రాంతంలో ఈ పార్కుకు రూపకల్పన చేశాడు. ఎర్ర అట్టల పుస్తకంలో ఉన్న దృశ్యాన్ని, ఉండవలసిన దృశ్యాన్ని ఒకదానిపై ఒకటి మడత తీసి చూసేటట్లు చిత్రించి యజమానులకు ఇవ్వడం అతని అలవాటు. చెరువుల వరుస, ఏటవాలు మైదానాలు, విడివిడిగా నిలిచిన మహావృక్షాలు అన్నీ ప్రకృతి ఒడిగట్టినట్లే ఉంటాయి. కాని రెప్టన్ గీసినదానికి ప్రతిదినం మెరుగు దిద్దేవి జింకల పళ్ళే. అవి ఒక పది సంవత్సరాలు మేయడం మానితే ఆ సుందర దృశ్యం ముళ్ళపొదగా మారిపోతుంది.

పాత పార్కులలో ఓక్ చెట్లను మొదలంటా నరికేవారు కాదు. జింకకు అందని ఎత్తులో, మనిషి తలకు పైన, కొమ్మలు నరికి కలప తీసుకునేవారు. అక్కడినుండి మళ్ళీ చిగుళ్ళు వచ్చేవి. అలా నరకడం వల్లనే ఆ చెట్లు పొట్టిగా, బొజ్జలు పెంచి, తొర్రలు పడి, వందల ఏళ్ళు బ్రతికాయి. కలపకోసం నిటారుగా పెంచిన చెట్టుకు ఆయుష్షు తక్కువ. ఈ సంగతిని ఆయన మనుమరాలికి చెప్పబోయారు గాని, ఆ అమ్మాయి అప్పటికే చెరువు వైపు పరుగెత్తింది.

ఎర్రజింకలు దూరాన పడుకుని ఉన్నాయి. మగవాటి కొమ్ములమీద ఇంకా మెత్తని తోలు పొర ఉన్నది. బ్రాకెన్ అనే ఫెర్న్ పొదలలో అప్పుడే పుట్టిన కూనలను తల్లులు దాచి మేతకు వస్తున్నాయి. ఆ పొదల అవతల, ఒక పెద్ద చెస్ట్‌నట్ చెట్టు కింద, తెల్లచుక్కల వీపులు కొన్ని కదిలాయి. ఫాలో జింకలేమో అనుకుని ముందుకు నడిచినవారు ఒక్కసారిగా ఆగిపోయారు. మగదాని కొమ్ము వెడల్పుగా లేదు; వీణాదండం వలె వంగి, మూడు మొనలతో లేచి ఉన్నది. అది దుప్పి. కవ్వాల్‌లో ఇప్పచెట్ల కింద రాలిన పూలకోసం తెల్లవారుజామున చేరే దుప్పి. మన గ్రంథాలు చుక్కల జింక అని, ఆంగ్లేయులు 'ఆక్సిస్' అని, హిందీవారు 'చీతల్' అని పిలిచే ఆ మృగమే.

"తాతయ్యా, ఇవి మన ఊరివా?" అని మనుమరాలు అడిగింది.

"మన ఊరివి కావమ్మా, మన వంశానివి. మీ అమ్మ నీయంత ఉన్నప్పుడు జన్నారంలో మా క్వార్టరు వెనకకు వచ్చేవి."

"ఇక్కడికి ఎవరు తెచ్చారు?"

"ఒక జమీందారు తెచ్చాడట."

ఇంతలో మందలో ఒక ఆడది కాలు నేలకేసి కొట్టి 'కూక్' మని పదునుగా అరిచింది. నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ ఆ వృద్ధుడు నిలుచున్నచోటనే బిగుసుకుపోయి పొదలవైపు చూశారు. జన్నారంలో ఆ అరుపుకు అర్థం ఒక్కటే. ఇక్కడ పొదలలో నుండి బయటికి వచ్చినది గొలుసు కట్టిన ఒక కుక్క, దాని వెనుక టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ. ఆమె చిరునవ్వుతో పలకరించి వెళ్ళిపోయింది. దుప్పులు మాత్రం చాలాసేపటివరకు మేతకు తల వంచలేదు. నూరేళ్ళకు పైగా పులి అన్నది ఎరుగని మందకు ఆ అరుపు ఇంకా గుర్తుంది.

దుప్పికి ఇంగ్లండు వాతావరణం అంత అనుకూలమేమీ కాదు. ఎర్రజింకకు, ఫాలో జింకకు ఈనే కాలం నియతం. అవి ఎండాకాలపు ప్రారంభంలో కూనలను పెడతాయి. ఉష్ణదేశపు దుప్పికి అటువంటి కట్టుబాటు లేదు; ఏడాదిలో ఎప్పుడైనా ఈనుతుంది. డిసెంబరులోనో జనవరిలోనో పుట్టిన కూనకు మంచే పులి. అయినా అవి నిలదొక్కుకున్నాయి. వాటికి తోడు మన బారాసింగాలు కూడా ఇక్కడి పచ్చికలో తిరుగుతున్నాయి.

వోబర్న్‌కు ప్రపంచఖ్యాతి వచ్చినది మాత్రం వీటి వల్ల కాదు. చెరువులో పొట్టవరకు దిగి, కొమ్ములనిండా గడ్డి, నాచు చుట్టుకుని నిలబడే ఒక విచిత్ర మృగం వల్ల వచ్చింది. జూన్ నెల దాని జోడుకట్టే కాలం. కొమ్ములకు పచ్చిక తగిలించుకుని, బురద పూసుకుని, ఆడవాటి ఎదుట తిరగడం మగవాటి శృంగారం. నడిచేటప్పుడు గిట్టలు టకటకమని చప్పుడు చేస్తాయి. కొమ్ముల మొనలు అన్ని జింకలకు వలె ముందుకు కాక వెనుకకు తిరిగి ఉంటాయి. గిట్టలు ఆవువి, మెడ ఒంటెది, తోక గాడిదది, కొమ్ములు జింకవి; అయినా ఆ నాలుగింటిలో ఏదీ కాదని చైనావారు దానికి 'నాలుగూ కానిది' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. వాడుకలో 'మిలూ' అంటారు. పాశ్చాత్యులు 'పేర్ డావీ' జింక అంటారు.

ఆర్మాన్ డావీ ఫ్రెంచి మతగురువు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. 1865లో బీజింగ్ నగరానికి దక్షిణాన ఉన్న నాన్‌హైజీ అనే చక్రవర్తి వేటవనం గోడ మీదుగా తొంగిచూసి, తానెన్నడూ ఎరుగని జింకలను కనుగొన్నాడు. సుమారు 70 కిలోమీటర్ల పొడవు గల ఆ గోడ లోపలికి పరాయివారికి ప్రవేశం లేదు. కావలివారిని మంచి చేసుకుని తోళ్ళు సంపాదించి పారిస్‌కు పంపగా, మిల్న్ ఎడ్వర్డ్స్ 1866లో దానికి శాస్త్రీయనామం పెట్టాడు. చైనా చిత్తడి నేలలలో స్వేచ్ఛగా తిరిగిన మిలూ కొన్ని శతాబ్దాలకు ముందే అంతరించింది. లోకంలో మిగిలినది ఆ గోడ లోపలి మంద ఒక్కటే. తరువాత రాయబారుల ద్వారా కొన్ని మృగాలు యూరపు జంతుప్రదర్శనశాలలకు చేరాయి.

1895 ప్రాంతంలో యుంగ్‌డింగ్ నది పొంగి ఆ గోడను కూల్చింది. జింకలు బయటపడ్డాయి. బయట ఉన్నది వరదలో సర్వస్వం కోల్పోయి ఆకలితో అలమటిస్తున్న ప్రజ. దొరికిన జింకలను దొరికినట్లు తిన్నారు. వారిని తప్పుపట్టగలిగిన మనిషి ఎన్నడూ ఆకలి ఎరుగనివాడై ఉండాలి. మిగిలినవి 1900లో బాక్సర్ తిరుగుబాటు సమయాన సైనికుల పాలయ్యాయి. ఆ విధంగా సొంతదేశంలో మిలూ జాడ మాసిపోయింది.

ఈలోగా వోబర్న్ యజమాని అయిన పదకొండవ బెడ్‌ఫర్డ్ డ్యూక్, హెర్బ్రాండ్ రస్సెల్, యూరపులోని జంతుశాలలలో చెదురుమదురుగా ఉన్న మిలూలను ఒక్కొక్కటిగా సేకరించాడు. మొత్తం 18 సమకూడాయి. వాటిలో సంతానయోగ్యమైనవి 11. నేడు భూమిమీద ఉన్న ప్రతి మిలూ ఆ పదకొండింటి సంతతిగానే పరిగణింపబడుతున్నది. 1914 నాటికి మంద 88కి పెరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో దాణా దొరకక చాలావరకు పోయి దాదాపు 50కి పడిపోయింది. రెండవ యుద్ధం ముగిసేనాటికి 250కి చేరింది. ఆ యుద్ధకాలంలో ఒక్క బాంబు పడితే ఒక జాతి సమస్తం నశిస్తుందన్న భయం పట్టుకోగా, తరువాతి డ్యూక్ వాటిని ఇతర ప్రదర్శనశాలలకు పంచడం ప్రారంభించాడు.

ఈ హెర్బ్రాండ్ రస్సెల్‌కు మన దేశంతో గల సంబంధం పేర్కొనదగినది. యౌవనంలో ఆయన వైస్రాయి డఫరిన్ ప్రభువు వద్ద అంగరక్షక సేనాధికారిగా పనిచేశాడు. లాహోరు చర్చి అధికారి కుమార్తె మేరీ ట్రైబ్‌ను 1888లో కలకత్తా చేరువలోని బారక్‌పూర్‌లో వివాహమాడాడు. 1893లో అన్న మరణించగా డ్యూక్ అయ్యాడు. ఆ డచెస్ మేరీ మరొక విచిత్రవ్యక్తి. అరవై దాటిన తరువాత విమానయానం చేపట్టి, 1929లో ఇంగ్లండు నుండి నాటి భారతదేశంలోని కరాచీకి పోయి తిరిగి రావడం ఎనిమిది రోజులలో ముగించింది. 1937లో వోబర్న్ నుండి ఒంటరిగా విమానంలో లేచిపోయి మరి తిరిగి రాలేదు. జింకల గాథలో ఆమె ప్రస్తావన అప్రస్తుతమే అయినా, ఆ పేరు దాటి పోబుద్ధి కాదు.

ఒక జాతిని బ్రతికించినవాడన్న కీర్తి డ్యూక్‌కు న్యాయంగా దక్కవలసినదే. అయితే అదే మనిషి అదే పార్కులో అమెరికా బూడిదరంగు ఉడుతలను వదిలిపెట్టాడు, ఇతరులకు పంచిపెట్టాడు. ఇంగ్లండు సొంత ఎర్ర ఉడుత నేడు దేశంలో చాలాభాగం నుండి మాయం కావడానికి ఆ కొత్త ఉడుతలే ముఖ్యకారణం. మన కొండగొర్రెకు దాయాది అయిన చైనా మంట్‌జాక్ జింక ఇక్కడినుండే బయటికి వ్యాపించి, అడవిపూలను, లేతమొక్కలను తినివేస్తూ దక్షిణ ఇంగ్లండంతటా తిష్ఠవేసింది. 1904లో ఆయన న్యూజిలాండుకు కానుకగా పంపిన హిమాలయపు తార్ మేకలు అక్కడి కొండలలో విపరీతంగా పెరిగి ఆ ప్రభుత్వానికి తలనొప్పిగా పరిణమించాయి. ఒక చేతితో బ్రతికించినది, మరొక చేతితో చెరిపినది ఒకే కోరిక: ప్రపంచంలోని మృగాలన్నీ నా గోడ లోపల ఉండాలి అన్నది. ఆ కోరిక లేకపోతే మిలూ లేదు. ఆ కోరికే ఎర్ర ఉడుత పాలిటి శాపమైంది. జీవిత చరిత్రలు వ్రాసేవారు మొదటిదాన్ని అధ్యాయంగానూ, రెండవదాన్ని అధస్సూచికగానూ వ్రాస్తున్నారు. ఇది న్యాయమనిపించుకోదు.

జన్నారం నుండి వచ్చిన ఆ పెద్దమనిషికి పట్టుకున్నది మరొక ఆలోచన. బారాసింగాను చూస్తూ ఆయన చాలాసేపు బాట పక్కన కూర్చున్నారు. మధ్యప్రదేశ్‌లోని కన్హాలో గట్టినేల బారాసింగాలు 1970లో 66కు దిగజారాయి. ప్రపంచంలో ఆ ఉపజాతికి అదొక్కటే ఆధారం. అప్పుడు మన దేశంలో డ్యూకులెవ్వరూ లేరు. గోండులు, బైగాలు నివసించే గ్రామాలను తరలించి, వారి పొలాలను మళ్ళీ గడ్డిభూములుగా వదిలి, ఆ జాతిని నిలబెట్టారు. నేడు కన్హాలో బారాసింగాలు వందల సంఖ్యలో ఉన్నాయి. జింక నిలిచిన ప్రతిచోటా ఎవరో ఒకరు జరిగిపోయారు. నార్మన్ల కాలపు సాక్సన్ రైతు పేరు తెలియదు. కన్హా గ్రామాలవారి పేర్లు రికార్డులలో ఉన్నాయి, ఎవరూ తీసి చూడరు. ఆయన తన ఉద్యోగకాలంలో జింకమాంసం పట్టుబడిన గుడిసెలకు పోయి పంచనామాలు వ్రాసినవారు. పొయ్యిమీద ఉడుకుతున్న కుండను సాక్షుల సమక్షంలో దింపించినవారు. చట్టం ప్రకారం చేయవలసిన పని, చేశారు. ఆ కుండ చుట్టూ కూర్చున్న పిల్లల ముఖాలు మాత్రం పంచనామాలో చేరలేదు. నాన్‌హైజీ గోడ కూలిన కథ ఫలకంపై చదివినప్పుడు ఆయనకు ఆ ముఖాలు గుర్తుకు వచ్చినవని సాయంత్రం ఇంట్లో కుమార్తెతో అన్నారు.

"ఇక్కడ పులి లేదు కదా తాతయ్యా, మరి ఇవి ఎక్కువైపోవా?" అని మనుమరాలు అడిగిన ప్రశ్నకు ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. ఇంగ్లండులో తోడేలు అంతరించి సుమారు అయిదు వందల సంవత్సరాలయింది. శత్రువు లేని మందలో ఏటేటా పుట్టే కూనల సంఖ్యకు తగినట్లు కొన్నింటిని కాల్చక తప్పదు. లేకపోతే పచ్చిక చాలక, రోగం పుట్టి, మంద మొత్తం కృశిస్తుంది. మృగవనాలన్నిటా ఇది నియమిత కార్యక్రమం. శిక్షణ పొందినవాడు, నిశ్శబ్దంగా, ఒక్క గుండుతో ముగిస్తాడు. మాంసం అమ్మకానికి పోతుంది. వంతులవారీగా వధ్యశిల చేరిన జాతకకథ జింకలు ఇక్కడ నేటికీ ఉన్నాయన్నమాట, వంతు ఎవరిదో వాటికి తెలియదన్న భేదం తప్ప.

"పులి చేసే పని ఇక్కడ మనిషి చేస్తాడమ్మా" అన్నారు చివరికి.

"పులి అయితే బాగుండేది" అంది ఆ పిల్ల.

1953లో పన్నెండవ డ్యూక్ మరణించాక మరణపన్నుల భారం మోయలేక, పదమూడవ డ్యూక్ 1955లో వోబర్న్ భవనాన్ని టిక్కెట్టు పెట్టి ప్రజలకు తెరిచాడు. 1970లో పక్కనే సింహాలు, ఏనుగులతో సఫారీ పార్కు పెట్టాడు. సాటి కులీనులు నవ్వుకున్నారు. కాని ఎన్నో ప్రభువంశాలు తమ భవనాలను పడగొట్టించుకున్న ఆ దశాబ్దాలలో వోబర్న్ నిలిచింది, దానితోపాటు మందా నిలిచింది. ప్రభువుల వేటకోసం పుట్టిన నేలను చివరకు పోషించినది ఆదివారం టిక్కెట్టు కొన్న సామాన్యుడు.

1985లో ఆ డ్యూక్ కుమారుడు టావిస్టాక్ ప్రభువు చొరవతో వోబర్న్ మంద నుండి 20 మిలూలు విమానంలో బయలుదేరి బీజింగ్ చేరాయి. వాటిని దించినది మరెక్కడో కాదు, ఆర్మాన్ డావీ గోడమీదుగా తొంగిచూసిన నాన్‌హైజీలోనే. మరుసటి సంవత్సరం ఇంగ్లండులోని వివిధ ప్రదర్శనశాలల నుండి మరి 39 జియాంగ్సూ రాష్ట్రంలోని దాఫెంగ్ సముద్రతీర చిత్తడి నేలలకు వెళ్ళాయి. చైనాలో నేడు వాటి సంఖ్య పది వేలు దాటిందని అక్కడి అధికారుల ప్రకటన. పదకొండు మృగాల నుండి పది వేలు!

నాన్‌హైజీ నుండి కొన్నింటిని 1990లలో యాంగ్‌ట్సీ నది ఒడ్డున షిషౌ అనే చోట ఒక రక్షితప్రాంతంలో విడిచారు. అక్కడా చుట్టూ కంచె కట్టారు. 1998లో యాంగ్‌ట్సీకి వచ్చిన మహావరదలో ఆ కంచె మునిగిపోయింది. జింకలు నీటిలోకి దిగాయి. మొదటినుండీ చిత్తడి నేలల మృగం కనుక ఈతలో వాటికి సాటి లేదు. కొన్ని ఆ మహానదిని అడ్డంగా ఈది దక్షిణపు ఒడ్డుకు చేరాయి; కొన్ని అటునుండి దోంగ్‌టింగ్ సరస్సు రెల్లుదుబ్బులలోకి పోయి అక్కడే స్థిరపడ్డాయి. ఈసారి వాటిని ఎవరూ తినలేదు. పట్టి తెచ్చి కంచె లోపల పెట్టాలని మొదట కొందరు ప్రయత్నించారు. తరువాత మానుకున్నారు.